చిరునామా వర్సిటీది, ఉత్తరాలు మనవి

చదువు అయిపోగానే కాలేజీ గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చేస్తాం. కొన్నాళ్లకు కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ ఖాతా కూడా మూతపడుతుంది. గురువులు దిద్దిన పాఠాలు, స్నేహితుల మాటలు, తొలి ఉద్యోగం కబురు అన్నీ అందులోనే ఉండిపోతాయి. వాటిని మన సొంత కంప్యూటర్‌లోకి తెచ్చుకునే దారి ఉంది. దానికి డబ్బు ఖర్చు లేదు. ఒక ఆదివారం మొదలుపెడితే చాలు.

ఆ ఆదివారం పొద్దున మా అక్క ఫోన్ చేసింది. ‘‘తమ్మీ, పిల్లగాడు తెల్లారినప్పట్నించి ఫోన్ల తలకాయ పెట్టిండు. చాయ్ గూడ తాగలే. జర వచ్చి చూడరాదూ’’ అంది. మా ఇంటి నుంచి తూంకుంటలోని వాళ్లింటికి పది నిమిషాల దారి. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ బస్సుల రద్దీని దాటి, రెండు గల్లీలు తిరిగితే వాళ్ల గేటు కనబడుతుంది.

మా మేనల్లుడు వేరే రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు చదివి, పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చాడు. నెల తిరక్కముందే అక్కడి నుంచి మెయిల్ వచ్చింది. ముప్పై రోజుల్లో మీ ఖాతా తీసేస్తున్నాం, కావలసినవి దాచుకోండి అని దాని సారాంశం. ఖాతాలో పదకొండు వేల మెయిళ్లున్నాయి. బరువు చూస్తే ఆరు జీబీలు.

‘‘ఒక్కొక్కటి నా సొంత మెయిల్‌కు ఫార్వర్డ్ కొడ్తున్న మామా. నూట యాభై అయినయ్. వేళ్లు గుంజుతున్నయ్’’ అన్నాడు.

‘‘గట్ల కొడితే నెల సరిపోదు గదరా. మూలకున్న ఆ డెస్క్‌టాప్ తియ్యి’’ అన్నాను.

వాడు ఇంటర్‌లో ఉండగా కొన్న కంప్యూటర్ అది. మీద కప్పిన దుప్పటి తీసి, దుమ్ము తుడిచి, మీట నొక్కితే లేచింది. థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్ దించుకుందామని బ్రౌజర్ తెరిచాం. పేజీ రాలేదు. మీ గడియారం వెనకబడి ఉందని తెర మీద హెచ్చరిక వచ్చింది. కిందికి చూస్తే, మూలన తేదీ 2015 జనవరి 1 అని ఉంది.

‘‘ఏంది మామా ఇది? టైమ్ తప్పుంటే నెట్ ఎందుకు రాదు?’’

వాడి ప్రశ్న న్యాయమైనదే. సురక్షితంగా మాట్లాడే ప్రతి సర్వర్ దగ్గరా ఒక ధ్రువపత్రం ఉంటుంది. బస్ పాస్ మీద ఉన్నట్టే దాని మీద కూడా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతుందని రాసి ఉంటుంది. మన గడియారం 2015 అంటే, ఇప్పటి పాస్ ఇంకా మొదలే కాలేదని కంప్యూటర్ అనుకుంటుంది, తలుపు తీయదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు తీసేసినా గడియారాన్ని నడిపేది అదే. చాలా బోర్డుల్లో దాని నంబరు సీఆర్ 2032. ఏళ్లు గడిచేసరికి అది చచ్చిపోతుంది. అప్పటికి తేదీ చేత్తో సరిచేశాం, పేజీ వచ్చింది. ఇలా పాత కంప్యూటర్‌లో మెయిల్ రాకపోతే పాస్‌వర్డ్ మీద అనుమానపడే ముందు గడియారం చూడండి.

చుట్టూ చదువులే

తూంకుంట చుట్టుపక్కల ఇలాంటి ఖాతాలు వేలల్లో ఉంటాయి. ఇక్కడికి దగ్గర్లోనే, జవహర్‌నగర్ వైపు, బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం 2008లో మొదలైంది. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అది 1998లో ఏర్పడింది. 1964లో పుట్టిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ ప్రాంగణం కూడా శామీర్‌పేటలోనే ఉంది. ఇంకొంచెం ముందుకెళ్తే జీనోమ్ వ్యాలీలోని పరిశోధనశాలలు. ఏటా ఎండాకాలంలో ఒక జట్టు పెట్టెలు సర్దుకుని వెళ్లిపోతుంది, వానలు పడేసరికి మరో జట్టు దిగుతుంది.

ఇలా దిగిన ప్రతి విద్యార్థికీ సంస్థ ఒక చిరునామా ఇస్తుంది. మన దేశంలో ఆ చిరునామాల్లో ఎక్కువ వాటి చివర ‘ఏసీ.ఇన్’ అనే తోక ఉంటుంది. డబ్బు కట్టిన వాళ్లందరికీ దొరికే తోక కాదది. విద్యాసంస్థలకు దాన్ని కేటాయించేది ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ. ఆ ఎర్నెట్ పుట్టుక 1986 నాటిది. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో దాన్ని మొదలుపెట్టింది. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ, ముంబయిలోని ఎన్‌సీఎస్‌టీ వంటి సంస్థలను కలపడం దాని పని. వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. అంతకు చాలా ముందే మన దేశంలో ఈమెయిల్ నడిచింది విశ్వవిద్యాలయాల్లోనే.

ఆ తోక ఉన్న ఉత్తరానికి విలువ కూడా ఉంది. పరిశోధన పత్రం కావాలని విదేశీ ఆచార్యుడికి రాసినా, ఇంటర్న్‌షిప్ కోసం కంపెనీకి రాసినా, ‘ఏసీ.ఇన్’ చూసి ఇతను ఫలానా చోట చదువుతున్నాడని అవతలివాళ్లు నమ్ముతారు. అందుకే నాలుగేళ్లలో ముఖ్యమైన ఉత్తరాలన్నీ ఆ ఖాతాలోకే చేరతాయి. తీరా ఖాతాకు గడువు దగ్గరపడే వేళకు పిల్లలు కొత్త ఊళ్లో, కొత్త ఉద్యోగంలో తలమునకలై ఉంటారు.

ఖాతాలు ఎందుకు మూస్తున్నారు?

దీన్ని విశ్వవిద్యాలయాల కఠినత్వం అనుకుంటే పొరపాటు. ఒకప్పుడు సంస్థలు సొంత సర్వర్లలో మెయిల్ నడిపేవి. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న వచ్చింది. 2006లో గూగుల్ తన సేవలను విద్యాసంస్థలకు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ కూడా అదే బాట పట్టింది. సర్వర్ గదిలో ఏసీ ఆగిపోతే పరుగెత్తే బాధ తప్పిందని చాలా సంస్థలు అటు మళ్లాయి. దాచుకునే చోటుకు హద్దు లేదన్నారు కాబట్టి పాత విద్యార్థుల ఖాతాలను కూడా అలాగే ఉంచేశాయి.

2021లో గూగుల్ ఆ మాట మార్చింది. 2022 జులై నుంచి ఒక్కో సంస్థకు మొత్తం కలిపి 100 టీబీలే ఉచితమంది. వినడానికి పెద్ద అంకే. కానీ ఒక విశ్వవిద్యాలయంలో చదివేవాళ్లు, చదివి వెళ్లినవాళ్లు కలిపి ఇరవై వేల ఖాతాలుంటే మనిషికి వచ్చేది 5 జీబీలు. అందులోనే మెయిలూ ఫొటోలూ ప్రాజెక్టు వీడియోలూ పట్టాలి. చోటు చాలకపోతే ముందు ఖాళీ చేయించేది వెళ్లిపోయినవాళ్ల గదులే. హాస్టల్లో జరిగేది కూడా ఇదే కదా!

అందుకే ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. ఖాతా సంస్థది, ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఇవ్వాల్సిందే. అందులోని ఉత్తరాలు మాత్రం మన జీవితం. వాటిని వెంట తెచ్చుకునే బాధ్యత కూడా మనదే.

తపాలా పనే, తీరు వేరు

డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రామ్ అంటే, బ్రౌజర్ తెరవకుండా నేరుగా మెయిల్ సర్వర్‌తో మాట్లాడి ఉత్తరాలను మన కంప్యూటర్‌లోకి తెచ్చే సాఫ్ట్‌వేర్. మొజిల్లా వాళ్ల థండర్‌బర్డ్ మొదటి పూర్తి వెర్షన్ 2004 డిసెంబర్‌లో వచ్చింది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్, యాపిల్ మెయిల్, లినక్స్‌లో ఎవల్యూషన్ కూడా ఈ కోవలోవే.

వీటన్నిటి వెనకా మూడు పద్ధతులున్నాయి. పేర్లు చూస్తే బెదురు పుడుతుంది గానీ పని మాత్రం మన పోస్టాఫీసుదే.

ఎస్‌ఎంటీపీ ఉత్తరం పంపే పద్ధతి. జాన్ పోస్టెల్ దాన్ని 1982లో లిఖితం చేశాడు. మనం డబ్బాలో వేసిన కవరు ఊరూరూ దాటి చేరినట్టు, మన మెయిల్ ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు చేరేది దీని మీదే.

పాప్ 1984లో వచ్చింది. పోస్టాఫీసుకు వెళ్లి మన పేరిట ఉన్న ఉత్తరాలన్నీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం లాంటిది. అలవాటు ప్రకారం అక్కడి డబ్బా ఖాళీ అవుతుంది. కాపీ అక్కడే ఉంచమని చెబితే ఉంచుతుంది. అయితే పంపిన మెయిళ్లు, మనం చేసుకున్న ఫోల్డర్లు దీనికి పట్టవు.

ఐమ్యాప్‌ను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ 1986లో తయారుచేశాడు. అసలు ఉత్తరాలు పోస్టాఫీసులోనే ఉంటాయి, మన ఇంట్లో వాటి నకలు ఉంటుంది. ఫోన్‌లో చదివింది కంప్యూటర్‌లోనూ చదివినట్టు కనబడటం దీని చలవే. ఇప్పుడు దాదాపు అందరూ వాడేది ఇదే. మా అల్లుడికీ ఇదే పెట్టాం.

‘పాస్‌వర్డ్ కరెక్టే, అయినా రావట్లే’

థండర్‌బర్డ్ తెరవగానే మూడు గడులు అడిగింది. పేరు, ఈమెయిల్ చిరునామా, పాస్‌వర్డ్. చిరునామా తోకను బట్టి సర్వర్ల పేర్లు అదే వెతుక్కుంది. ఐమ్యాప్ కావాలా, పాప్ కావాలా అంది. ఐమ్యాప్ అన్నాం. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. పాస్‌వర్డ్ పదిసార్లు సరిగ్గా కొట్టినా కుదరదంటుంది. మా వాడు కూడా మూడుసార్లు కొట్టి నా మొహం చూశాడు.

విషయం ఏమిటంటే, ఇప్పుడు గూగుల్, మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్‌ల నుంచి ఉత్త పాస్‌వర్డ్ పుచ్చుకోవు. మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబర్ నుంచి దశలవారీగా ఆ పాత దారి మూసేసింది. విద్యాసంస్థల ఖాతాలకు గూగుల్ 2025లో మూసేసింది. ఇంటి తాళంచెవి పక్కవాడి చేతికిస్తే దానికి మరో చెవి చేయించడం ఎంతసేపు? అందుకే ఓఆథ్ అనే కొత్త పద్ధతి తెచ్చారు. మెయిల్ ప్రోగ్రామ్ మనల్ని గూగుల్ లేదా విశ్వవిద్యాలయం వారి సొంత లాగిన్ పేజీకి పంపుతుంది. పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చే కోడ్ అక్కడ ఇస్తాం. అక్కడి నుంచి ప్రోగ్రామ్‌కు ఒక చీటీ వస్తుంది. ఈ మనిషి మెయిల్ చూడనివ్వండి అని దాని అర్థం. అసలు తాళంచెవి దాని చేతికి రాదు. కావాలంటే ఆ చీటీ ఒక్కదాన్నీ మనం ఎప్పుడైనా రద్దు చేయవచ్చు.

కాబట్టి సెట్టింగుల్లో లాగిన్ పద్ధతి అన్నచోట మామూలు పాస్‌వర్డ్ బదులు ఓఆథ్2 ఎంచుకోవాలి. మేం అది మార్చగానే లాగిన్ కిటికీ తెరుచుకుంది. అనుమతించండి అన్న మీట నొక్కాడు. ఎడమ పక్కన ఫోల్డర్లు ఒక్కొక్కటే వచ్చి వరసగా నిలబడ్డాయి. ‘‘వచ్చినయ్ మామా!’’ అని వాడు అరిచిన అరుపుకు వంటింట్లోంచి అక్క పరుగెత్తుకొచ్చింది.

కొందరికి ఇక్కడ మరో అడ్డు వస్తుంది. నిర్వాహకుల అనుమతి కావాలని తెర చెబుతుంది. లేదా ఐమ్యాప్ ఆపేశారని వస్తుంది. అది మన చేతిలో లేని మీట. సంస్థ కంప్యూటర్ సెంటర్ వారి చేతిలో ఉంటుంది. వాళ్లకు రాసి అడగాలి. ఇవ్వలేమంటే గూగుల్ ఖాతా అయితే టేకౌట్ అనే సదుపాయం ఉంది. సంస్థ దాన్ని ఆపకపోతే మెయిల్ మొత్తం ఎంబాక్స్ అనే ఒక ఫైలుగా దిగుతుంది. దాన్ని తర్వాత థండర్‌బర్డ్‌లోకి ఎక్కించుకోవచ్చు. చాలా విద్యాసంస్థల ఖాతాల్లో మెయిల్‌ను నేరుగా సొంత జీమెయిల్‌కు బదిలీ చేసే ఏర్పాటు కూడా ఉంటుంది. ఇవన్నీ ఖాతా బతికుండగా చేయాల్సినవే. మూతపడ్డాక కంప్యూటర్ సెంటర్ తలుపు ఎంత తట్టినా ఫలితం ఉండదు.

అద్దంలో బొమ్మను నమ్ముకోవద్దు

ఫోల్డర్లు కనబడగానే పని అయిపోయిందని అల్లుడు కుర్చీలోంచి లేచాడు. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అసలు జాగ్రత్త ఇక్కడే మొదలవుతుంది.

ఐమ్యాప్‌లో మనకు కనబడేది సర్వర్‌లో ఉన్నదాని ప్రతిబింబం. అక్కడ ఒక మెయిల్ చెరిపితే ఇక్కడ కూడా పోతుంది. అక్కడ పెట్టె ఖాళీ చేస్తే ఇక్కడి ఫోల్డర్ కూడా బోసిపోతుంది. ఖాతా మూతపడింది కదా అని థండర్‌బర్డ్ నుంచి ఆ ఖాతాను తొలగించి, డేటా కూడా తీసేయమంటే నకళ్లు కూడా వెళ్లిపోతాయి. అందుకే లోకల్ ఫోల్డర్స్ అనే విభాగంలోకి కాపీ చేయాలి. అవి ఏ సర్వర్‌తోనూ ముడిపడనివి. అందులో పడ్డ ఉత్తరం మన హార్డ్ డిస్క్ మీద మన సొంతం.

ఈ తేడా నాకు చాలా ఖరీదుకు తెలిసింది. నేను పరిశోధన చేసిన విశ్వవిద్యాలయం నాకూ ఒక చిరునామా ఇచ్చింది. మా గురువుగారు నా సిద్ధాంత వ్యాసం ఒక్కో అధ్యాయాన్నీ మెయిల్‌లోనే దిద్దేవారు. ఒక వాక్యం కింద నాలుగు ప్రశ్నలు వేసేవారు. నచ్చిన చోట ఒక్క మాట, ‘బాగుంది’ అని రాసేవారు. ఆ ఒక్క మాట కోసం రాత్రి పన్నెండింటి దాకా మెయిల్ చూసుకుంటూ కూర్చున్న రోజులున్నాయి. కొన్నాళ్లకు ఖాతా మూసేశారు. నా కంప్యూటర్‌లో మెయిల్ ప్రోగ్రామ్ ఉంది కదా, అన్నీ ఇక్కడున్నాయి కదా అనుకున్నాను. ఖాతా లాగిన్ అవడం లేదని ఒకరోజు దాన్ని తీసి మళ్లీ పెట్టబోయాను. తీయడం అయింది. పెట్టడం కాలేదు. గురువుగారు ఇప్పుడు లేరు. వ్యాసం పుస్తకంగా నా అల్మారాలో ఉంది. దాన్ని మలిచిన చేతి నేర్పు మాత్రం ఎక్కడా లేదు.

మా తాతగారింట్లో దూలానికి ఒక ఇనుప తీగ వేలాడుతుండేది. కింద చెక్క, పైన కొక్కెం. వచ్చిన కార్డు, ఇన్‌లాండ్ కవరు చదివాక ఆయన దానికి గుచ్చేవారు. అడుగున ఉన్నవి పసుపుపచ్చగా మారిపోయి, అంచులు చిరిగి ఉండేవి. ఎవరి పెళ్లి ఎప్పుడైంది, ఏ పొలం ఎంతకు కొన్నారు అని మాట వస్తే తీగ దించి వేళ్లతో లెక్కపెట్టుకుంటూ ఆ కార్డు బయటికి తీసేవారు. ఊరి పోస్టాఫీసు వేరే చోటికి మారింది, పోస్ట్‌మ్యాన్‌లు మారారు. తీగ మీది ఉత్తరాల జోలికి ఎవరూ రాలేదు. లోకల్ ఫోల్డర్స్ మనింటి దూలానికి కట్టుకున్న ఆ తీగ.

గూగుల్ ఖాతా అయితే ఒక చిట్కా ఉంది. ఎడమ పక్కన ఆల్ మెయిల్ అనే ఫోల్డర్ ఉంటుంది. స్పామ్, చెత్తబుట్ట తప్ప మిగతా మెయిళ్లన్నీ అందులో ఉంటాయి. లేబుళ్ల కారణంగా ఒకే మెయిల్ మూడు ఫోల్డర్లలో కనబడుతుంది కాబట్టి, అన్ని ఫోల్డర్లూ కాపీ చేస్తే చోటు దండగ. ఆల్ మెయిల్ ఒక్కటీ తెస్తే చాలు. రెండో సంగతి, గూగుల్ ఐమ్యాప్ మీద రోజుకు 2,500 ఎంబీల వరకే దింపుకోనిస్తుంది. ఆరు జీబీలకు మూడు రోజులు పడుతుంది. గడువు రేపనగా మొదలుపెడితే సగం అక్కడే ఉండిపోతుంది. మూడోది, ఏడాదికో ఫోల్డర్ చేసుకోవడం మంచిది. థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నీ ఒకే ఫైలుగా రాస్తుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీలు దాటిన ఫైలును పట్టదు. ఏడాదిగా విడగొడితే ఆ చిక్కు రాదు, వెతకడం కూడా తేలిక.

అంతా వచ్చాక థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్‌ను మొత్తంగా బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయాలి. కంప్యూటర్ ఒకటే చాలనుకోవద్దు. డిస్క్ చెడిపోయేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

తెలుగు ఉత్తరం నడిచొచ్చిన దారి

కాపీ అవుతుండగా అల్లుడు పాత మెయిల్ ఒకటి తెరిచాడు. రూమ్మేట్ రాసింది, తెలుగు లిపిలో ఉంది. అక్షరాలు ముత్యాల్లా కనబడుతున్నాయి. ఈ సౌకర్యం వెనక పెద్ద ప్రయాణమే ఉంది.

1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు తొలి నెట్‌వర్క్ మెయిల్ పంపి, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య ‘ఎట్’ గుర్తు పెట్టాడు. అప్పటి నుంచి చాలాకాలం ఈమెయిల్‌కు ఇంగ్లిష్ అక్షరాలు తప్ప మరేవీ తెలియవు. 1990ల తొలి ఏళ్లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న తెలుగు పిల్లలకు ఇంటి మీద, భాష మీద బెంగ. చేతిలో ఉన్నది వర్సిటీ ఇచ్చిన మెయిల్ ఖాతా. అప్పుడే హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగును రోమన్ అక్షరాల్లో పొల్లుపోకుండా రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఆర్‌టీఎస్ అంటారు దాన్ని. ‘ఆర్’ అంటే ఆ రైస్ విశ్వవిద్యాలయమే. ఏ ‘త’, ఏ ‘ట’ అన్న సందేహం లేకుండా ఉత్తరాలు నడిచాయి. ఇప్పుడు కంప్యూటర్‌లో ఇంగ్లిష్ మీటలు నొక్కి తెలుగు రాసేవాళ్లలో చాలామంది వేళ్ల కింద ఉన్నది ఆ పద్ధతి లేదా దాని చుట్టమే.

1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. 1992లో మైమ్ అనే ప్రమాణం వచ్చి ఈమెయిల్‌లో ఇతర లిపులకు, ఫొటోలకు, జోడింపులకు తలుపు తెరిచింది. ఇవి రెండూ కలిసి అందరి కంప్యూటర్లలోకి రావడానికి ఇంకో పదేళ్ల పైన పట్టింది. మీ పాత మెయిళ్లలో ఎక్కడైనా తెలుగు బదులు గజిబిజి గుర్తులు కనబడితే చెరిపేయకండి. ఆ మెయిల్‌కు అక్షరాల సంకేతం యూటీఎఫ్-8గా మార్చి చూడండి. చాలాసార్లు అక్షరాలు మళ్లీ లేచి నిలబడతాయి.

అవసరం పడే రోజు

జ్ఞాపకాల కోసమే ఇంత శ్రమ అనుకోనవసరం లేదు. నాలుగేళ్ల తర్వాత పై చదువుకు దరఖాస్తు చేస్తే పాత ప్రాజెక్టు వివరాలు అడుగుతారు. ఫీజు రసీదు, స్కాలర్‌షిప్ మంజూరు, హాస్టల్ డిపాజిట్ లెక్క అన్నీ మెయిల్‌లోనే ఉంటాయి. ఒక ఆలోచన ముందు ఎవరికి వచ్చింది, ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారు అన్న తగవు వస్తే తేదీతో సహా చూపించేది మెయిలే.

ఈ మాటకు చట్టం బలం కూడా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా స్వీకరించే విధానం చెబుతుంది. పాత సాక్ష్యాధార చట్టంలో ఇదే పని 65బి చేసేది. కోర్టుకు ఇచ్చేటప్పుడు నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలి. మెయిల్‌ను కాగితం మీద ప్రింటు తీస్తే పైకి కనబడే మాటలే వస్తాయి. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లో దాచిన అసలు మెయిల్‌లో అది ఏ సర్వర్ నుంచి బయల్దేరింది, ఏ క్షణంలో ఎక్కడ చేరింది అన్న తపాలా ముద్రలన్నీ ఉంటాయి. స్క్రీన్‌షాట్‌కూ దీనికీ ఉన్న తేడా అదే.

దాచుకోవడానికి ఒక హద్దు కూడా ఉంది. ల్యాబ్ కంప్యూటర్‌లో, నెట్ సెంటర్‌లో, స్నేహితుడి యంత్రంలో ఈ పని చేయకూడదు. లోకల్ ఫోల్డర్లలోని మెయిళ్లు ఆ యంత్రం ముందు కూర్చున్న ఎవరికైనా తెరుచుకుంటాయి. సొంత కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉండాలి, డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్ ఉంటే మరీ మంచిది. పరిశోధనశాల గోప్య సమాచారం, ఇతరుల మార్కుల జాబితాలు, సంస్థకు మాత్రమే చెందిన కాగితాలు వెంట తెచ్చుకోవద్దు. మన ఉత్తరాలు మనకు, సంస్థవి సంస్థకు.

ఒక్క చూపులో

• గూగుల్ మీద నడిచే ఖాతా: వచ్చే మెయిల్ సర్వర్ ఐమ్యాప్.జీమెయిల్.కామ్, పోర్ట్ 993. పంపే సర్వర్ ఎస్‌ఎంటీపీ.జీమెయిల్.కామ్, పోర్ట్ 465 లేదా 587.
• మైక్రోసాఫ్ట్ మీద నడిచే ఖాతా: వచ్చే మెయిల్ సర్వర్ ఔట్‌లుక్.ఆఫీస్365.కామ్, పోర్ట్ 993. పంపే సర్వర్ ఎస్‌ఎంటీపీ.ఆఫీస్365.కామ్, పోర్ట్ 587.
• రెండింటికీ యూజర్ నేమ్ అంటే పూర్తి ఈమెయిల్ చిరునామా. లాగిన్ పద్ధతి ఓఆథ్2.
• సంస్థ సొంత సర్వర్ అయితే పేర్లు, పోర్టులు కంప్యూటర్ సెంటర్‌ను అడగాలి.
• మెయిల్ వస్తుంది గానీ వెళ్లడం లేదంటే పోర్ట్ 25 ఉందేమో చూసి మార్చాలి. చాలా నెట్‌వర్క్‌లు దాన్ని మూసేస్తాయి.
• ఖాతా మూతపడే ముందు బ్యాంకు, ఉద్యోగాల సైట్లు, విదేశీ వర్సిటీల దరఖాస్తుల్లో మీ సొంత చిరునామా ఇవ్వాలి. లేదంటే పాస్‌వర్డ్ మరిచిపోయిన రోజు ఆ కోడ్ మూతపడ్డ పెట్టెకు వెళ్తుంది.

వైఫై ఆపి చూడండి

ఆదివారం మొదలైన పని మంగళవారం రాత్రికి పూర్తయింది. మధ్యలో కరెంటు పోయింది. రెండోరోజు పొద్దున రోజువారీ హద్దు దాటి కాసేపు ఆగింది. నాలుగు ఫోల్డర్లు, నాలుగేళ్లు. అల్లుడు ఒక్కోదాని పేరు తెలుగులో పెట్టాడు. మొదటి ఏడాది, రెండో ఏడాది, మూడో ఏడాది, చివరి ఏడాది.

‘‘నిజంగ ఇంట్లకే వచ్చినయా అని ఎట్ల తెలుస్తది మామా?’’

‘‘వైఫై ఆపు’’ అన్నాను.

రౌటర్ వైరు పీకేశాడు. దాని మీద పచ్చదీపాలు ఆరిపోయాయి. మొదటి ఏడాది ఫోల్డర్ తెరిచి, అన్నిటికన్నా అడుగున ఉన్న మెయిల్ మీద నొక్కాడు. తెరుచుకుంది. సీటు ఖరారైందని, ఫలానా తేదీన వచ్చి చేరమని పంపిన ఉత్తరం. నాలుగేళ్ల కిందట అది వచ్చిన రోజు అక్క ఫోన్‌లో నాకు చెబుతూ ఏడ్చింది. కొడుకు దూరమవుతున్నాడన్న బాధతో ఏడ్చిందో, సీటు వచ్చిన సంతోషంతో ఏడ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి తెర ముందు నిలబడింది. ఆమెకు ఇంగ్లిష్ అంతగా రాదు. కొడుకు పేరు మాత్రం గుర్తుపట్టి, వేలు పెట్టి చూపించింది.

‘‘గిది అప్పటిదే గదా బిడ్డా? జర చదివి చెప్పు’’ అంది.

వాడు కుర్చీ ఆమెకిచ్చి, పక్కన నిలబడి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు.